భయానికీ ఆస్తి ఉండాలి!

హాలీవుడ్ వారి ఇంట్లో నడిచే థ్రిల్లర్‌లో భయపడాలంటే ముందు పెద్ద బంగళా ఉండాలి. అందులో మెరిసే వంటిల్లు, దాన్ని మించి మెరిసే తెల్ల కుటుంబం. 1987 నాటి ‘ఫేటల్ అట్రాక్షన్’లో పరాయి ఆడమనిషితో తప్పు చేసింది మైకేల్ డగ్లస్. ఆమె వెంటపడితే పొయ్యి మీద ఉడికింది మాత్రం కూతురి కుందేలు. నోరులేనిది కదా!

మరి నల్లవాళ్లు లేరా అంటే, ఎందుకు లేరు? కంచె కట్టడానికి ఉన్నారు. 1992లో వచ్చిన ‘ది హ్యాండ్ దట్ రాక్స్ ద క్రేడిల్’లో ఎర్నీ హడ్సన్ వేసిన సాలొమన్ పని అదే. కొత్త ఆయా గుట్టు ముందుగా కనిపెట్టిందీ అతనే. ఆమె ఎదురు నింద వేసింది. ఇంటివాళ్లు ఇట్టే నమ్మి అతన్ని సాగనంపారు. తీరా ప్రాణం మీదికొచ్చాక ఆదుకోవడానికి మళ్లీ అతనే కావాల్సొచ్చాడు! కంచె కూలి బాకీ తీర్చారో లేదో మాత్రం సినిమాలో చెప్పలేదు.

ఆ తర్వాత ప్రగతి వచ్చిపడింది. 2009లో ‘అబ్సెస్డ్’లో ఇంటివాళ్లే నల్లవాళ్లు, ఇద్రిస్ ఎల్బా, బియాన్సే దంపతులు. బంగళా మారలేదు, వెంటపడే ఆడమనిషి గోలా మారలేదు. 2019లో ‘ది ఇంట్రూడర్’ వచ్చేసరికి నల్లజంట నాపా లోయలో ఏకంగా ఇల్లే కొనేసింది. అమ్మిన డెన్నిస్ క్వెయిడ్ గుమ్మం వదిలితేగా!

ఇక అద్దె గదుల్లో ఉండే పేదల దాకా ఈ సైకోలు ఎప్పటికి వస్తారో! వాళ్లకు ఓనరు చాల్లే అనుకున్నారేమో.