రొమ్ములకి జీవితకాల గ్యారంటీ

అరకు నుంచి ఘాట్ దిగి విశాఖలో అడుగుపెట్టడమే ఆలస్యం, నవ్వే అమ్మాయి బొమ్మతో ‘మమ్మీ మేకోవర్’ హోర్డింగు పలకరిస్తోంది. కాన్పుల తర్వాత జారిన రొమ్ములకి, సాగిన పొట్టకి, నడుం కొవ్వుకి కలిపి ఒకటే మత్తు, ఒకటే బిల్లు, వడ్డీ లేని వాయిదాలు. పైగా రొమ్ముల్లో పెట్టే సిలికాన్ సంచులకి జీవితకాల గ్యారంటీ! బిడ్డని కనడం ఇంత పెద్ద యాక్సిడెంటని మా అమ్మకి ఎవరూ చెప్పలేదు పాపం. వరసపెట్టి కనేసింది.

ఆ గ్యారంటీ దగ్గరే నాకు ఒళ్ళు మండుతుంది. మా శుక్రవారం సంతలో అల్యూమినియం తపేలా కొనే ముసలామె దాన్ని వేలితో కొట్టి వింటుంది, ఎండకి ఎత్తిపట్టి చిల్లుందేమో చూస్తుంది, ఆ తర్వాతే బేరం. ఛాతీలో కుట్టేసిన సంచిని ఎండకి ఎత్తిపట్టేదెలా? సిలికాన్ సంచి చిరిగితే చాలాసార్లు నొప్పీ ఉండదు, ఆకారమూ మారదు. మోస్తున్న మనిషికే తెలియదు. అందుకే ఐదారేళ్ళకి మొదటిసారి, ఆపైన రెండుమూడేళ్ళకోసారి స్కాన్ చేయించుకోమంటుంది అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ. వాయిదాలు తీరిపోయినా స్కాన్లు తీరవన్నమాట. చిరిగితే కొత్త సంచి ఉచితమట. పాతది తియ్యడానికి మళ్ళీ కొయ్యాలిగా, ఆ కోతకి గ్యారంటీ ఎవరిస్తారు? అసలు జీవితకాలమంటే ఎవరిది? సంచిదా, తల్లిదా, కంపెనీదా?

కంపెనీల జీవితకాలం కూడా చూశాం. ఫ్రాన్సులో పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికొచ్చే సిలికాన్ బదులు కార్ఖానాల్లో వాడే చవకరకం నింపి దేశదేశాల ఆడవాళ్ళకి అమ్మింది. 2010లో బండారం బయటపడి మూతపడింది. యజమాని జాన్ క్లోద్ మాస్‌కి 2013లో నాలుగేళ్ళ జైలు పడింది. ఆ సంచులు మాత్రం లక్షలమంది ఒంట్లో ఉండిపోయాయి. 2019లో అలర్గాన్ అనే ఇంకో కంపెనీ తన గరుకు సంచుల్ని ప్రపంచమంతటా వెనక్కి పిలిచింది. వాటి చుట్టూ లింఫోమా అనే ఒక అరుదైన క్యాన్సర్ పుడుతోందని తేలింది మరి. ఫ్యాను రెక్కనైతే వెనక్కిచ్చేస్తాం. దీన్నేం చేస్తాం?

ఈ మేకోవర్ కథ మొదలైనచోటు కూడా తల్లి ఒళ్ళే. 1962, అమెరికాలో హ్యూస్టన్. టిమ్మీ జీన్ లిండ్సీ, ఆరుగురు పిల్లల తల్లి. రొమ్ము మీది పచ్చబొట్టు తీయించుకుందామని ధర్మాసుపత్రికి వెళ్ళింది. డాక్టర్లు క్రోనిన్, జెరో పచ్చబొట్టు చూసి ఊరుకోలేదు, తమ కొత్త సంచులు పెట్టించుకోమన్నారు. అప్పటికి వాటిని ఒక కుక్క మీద పరీక్షించారు. ఆమె అడిగింది మాత్రం చెవుల గురించి. బయటికి పొడుచుకొచ్చిన ఆ చెవుల్ని సరిచేస్తారంటే సరేనంది. బేరం కుదిరింది. వచ్చిన పని పచ్చబొట్టు, కోరుకున్నది చెవులు, చరిత్రకెక్కింది రొమ్ములు! మా కొండల మీద చేతుల నిండా పచ్చబొట్లున్న ముసలమ్మలు ఆ రోజుల్లో ఆ ఆసుపత్రి ఛాయలకి పోలేదు కాబట్టి బతికిపోయారు.

2018లో చెన్నై స్టాన్లీ ప్రభుత్వాసుపత్రిలో ఈ ఆపరేషన్ పేదలకి ఉచితమన్నారు. ధర్మాసుపత్రి కథ మళ్ళీ ధర్మాసుపత్రికే చేరింది.

క్యాన్సర్‌కి రొమ్ము పోయిన మనిషికి మళ్ళీ ఆకారం ఇవ్వడం వైద్యం, దాన్ని నేనేమీ అనను. తన ఒంటికి తనకి కావాల్సింది చేయించుకునే ఆడమనిషినీ అనను. నా కోపం, పాలిచ్చిన రొమ్ముని పాడైన సరుకుగా చూపించి రిపేరు బిల్లు రాసేవాళ్ళ మీద. నొప్పులొస్తున్న మనిషిని కర్రకి కట్టిన దుప్పట్లో పడుకోబెట్టి వాగులు దాటించే డోలీలు మా మన్యంలో ఇంకా నడుస్తున్నాయి. ఆ ఫోటోలు పేపర్లలో మీరూ చూసే ఉంటారు, టీ తాగుతూ. రొమ్ములో గడ్డ కనబడితే మా మనిషి ఎవరికీ చెప్పదు, కొంగు కింద దాచుకుంటుంది. పసరు పూస్తుంది. అది పుండయ్యాక బస్సెక్కించి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికో, ఇంకా అవతల అగనంపూడి క్యాన్సర్ ఆసుపత్రికో తీసుకెళ్తాం. ముందే ఎందుకు రాలేదని అక్కడ అడుగుతారు. ఆమెకి ప్యాకేజీ లేదు. మత్తూ, బిల్లూ, వాయిదాల సంగతి చెప్పి నవ్వే అమ్మాయి బొమ్మ మా ఊరి మలుపులో ఎవడూ పెట్టడు.

అన్నట్టు, ఇదే నగరం ఆదివారం అరకొచ్చి, మా ఆడవాళ్ళు భుజం మీద ముడేసి కట్టే చీర అద్దెకి తీసుకుని జీన్సు మీద చుట్టుకుని ఫోటోలు దిగుతుంది. ‘ఎంత నేచురలో’ అని మురిసిపోతుంది. సోమవారం సిలికాన్‌కి అపాయింట్‌మెంటు.

ఈ సంచులు జీవితకాలం ఉండేవి కావని, ఒంట్లో ఉన్నకొద్దీ చిక్కులు పెరుగుతాయని అమెరికాలో 2021 నుంచి నల్లగీతల పెట్టె గీసి మరీ హెచ్చరిక పెట్టాలి. పెట్టించుకునే మనిషికి ఒక్కో ముప్పూ చదివి చెప్పి సంతకం తీసుకోవాలి. ఇక్కడి క్లినిక్కుల వాళ్ళకి నా మనవి ఒక్కటే. ఆ పెట్టెని తెలుగులో, గ్యారంటీ ఎంత పెద్ద అక్షరాల్లో వేశారో అంత పెద్ద అక్షరాల్లో, అదే హోర్డింగు మీద వేయించండి. చోటు చాలకపోతే ఆ నవ్వే అమ్మాయిని తీసేయండి.