ఎలుగుబంటి బావ

పని నేర్చుకోకముందే దానికి కావలసిన సరంజామా అంతా కొనేసేవాళ్లు ఇంటికొకరు ఉంటారు. మా వంతుకి మా అక్క మొగుడొచ్చాడు. సియాటిల్ దగ్గర బోథెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. టెలిస్కోపు కొన్నాడు, అక్కడేమో చలికాలమంతా మబ్బులే. వీణ కొన్నాడు, దానికి ఏటా దసరాకి పూజ మాత్రం తప్పకుండా జరుగుతుంది. ఆ వరసలో తాజాగా చైన్‌సా.

లెవెన్‌వర్త్ వెళ్లే దారిలో ఒకాయన గుర్రుమనే రంపంతో దుంగలోంచి ఎలుగుబంటి మూతి బయటికి తీస్తుంటే కారాపి చూశాడట. గ్యారేజీలో జాగా చూసుకోవాలని అక్కకి అప్పుడే అర్థమైంది.

జాగా చాలలేదు. పెద్ద కోతలకొక రంపం, కళ్లూ ముక్కూ తీయడానికి ఇంకో చిన్నది. మామూలు రంపం కొస పైభాగం చెక్కకి తగిలిందంటే ఎగిరి మొహం మీదికొస్తుంది. అందుకే బొమ్మలు చెక్కేవాళ్లు కొస డైమ్ బిళ్లంత సన్నగా ఉండే బార్ వాడతారు. బావ ఈ సంగతి చెప్పే తీరు చూస్తే, దాన్ని తనే కనిపెట్టాడేమో అనిపిస్తుంది. ఇక హెల్మెట్టు, చెవులకి డిప్పలు, గొలుసు తగిలితే పీచులూడి దాన్ని బిగబట్టేసే కాళ్ల తొడుగులు. కార్లు మాత్రం వానలో తడుస్తుంటాయి.

భోజనాల దగ్గర రంపపు బొమ్మల చరిత్ర పాఠం. పప్పన్నంలో 1950ల నాటి రే మర్ఫీ వస్తాడు. సాంబారులో కెన్ కైజర్, 1961, కాలిఫోర్నియాలోని ట్రీస్ ఆఫ్ మిస్టరీకి యాభై బొమ్మలు. మజ్జిగ దాకా వచ్చేసరికి ఆరెగాన్‌లోని రీడ్స్‌పోర్ట్ పోటీలకి మనమూ వెళ్లాలంటాడు. "మనం" అంటే దుంగ మోసేవాణ్ణి నేను.

"ఎప్పుడూ ఎలుగుబంటేనా బావా?" అని ఒకసారి అడిగాను.

"మెడ లేదు, కాళ్లు పొట్టి. నిలబెట్టిన దుంగే కదయ్యా ఎలుగంటే! సగం పని దేవుడే చేసిపెట్టాడు."

తంటా అంతా మిగతా సగంతోనే. దుంగలో నార నిలువుగా ఉంటుంది, మూతేమో ముందుకి పొడుచుకురావాలి. అక్కడ నార అడ్డంగా తెగిపోయి పట్టుండదు, గట్టిగా తగిలితే ఠపీమని ఊడుతుంది. మొదటి ఎలుగుకి అదే జరిగింది. అమ్మ వీడియో కాల్‌లో చూసి, "పందిపిల్ల ముద్దుగా ఉందండీ అల్లుడుగారూ" అంది. బావ రెప్ప వేయకుండా "వరాహావతారం అత్తయ్యగారూ" అన్నాడు. అమ్మ అక్కడినుంచే దణ్ణం పెట్టుకుంది. తర్వాత నాతో విడిగా వాపోయింది. "కొండపల్లి పక్కన పుట్టిన పిల్లాడు, చప్పుడు లేకుండా పొణికి కర్రతో అంబారీ ఏనుగు చేసుకోకూడదట్రా?"

రెండోదాని కథ వేరు. పచ్చి దుంగ ఆరేటప్పుడు చుట్టుకొలత వైపు ఎక్కువగా ముడుచుకుని బీటలిస్తుంది. తెలిసినవాళ్లు బొమ్మ వీపున ముందే నడుమ దాకా ఒక కోత పెట్టి, పగిలేదేదో అక్కడే పగలనిస్తారు. బావకీ తెలుసు. కోత పెట్టాడు కూడా. మొహం ఎటు రావాలో ఆ తర్వాత తేల్చుకున్నాడు. ఆపరేషన్ అయి కుట్లు పడని రోగిలా ఆ ఎలుగు ఇప్పుడు తులసికోట పక్కన నిలబడి ఉంది.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఓ సాయంత్రం బొచ్చు దిద్దుతుంటే పక్కనే ఉన్నాను. సన్న రంపం కొసని తాకీ తాకనట్టు ఆనించి గీతలు లాగాడు. ప్రొపేన్ మంటతో వీపంతా నల్లగా కాల్చాడు, తీగ బ్రష్షుతో రుద్దాడు. గాడుల్లో నలుపు నిలిచింది, మిట్టల మీద సెడార్ ఎరుపు తేలింది. చెయ్యి వేసి నిమిరాను. అది అచ్చంగా ఎలుగు వీపే. వెనకనుంచి చూసినంతవరకూ మా బావని మించినవాడు లేడు. పైగా పొద్దస్తమానం మీటింగుల్లో నలిగే మనిషి, ఆ గంటసేపూ ఫోను మోగినా వినపడని చోట ఉంటాడు. అక్క బియ్యంలో రంపప్పొట్టు ఏరుకుంటూ కూడా ఊరుకునేది అందుకే.

ఊరుకోనిది ఊళ్లో తెలుగువాళ్లు. గృహప్రవేశానికి ఎవరు పిలిచినా బావ వెండి కుంది ఇవ్వడు, ఎలుగుని ట్రక్కులో వేసుకొస్తాడు. కాదనలేరు, కదపలేరు. ఒకావిడ పాపం దానికి బొట్టు పెట్టి గుమ్మం దగ్గర ఉంచుకుంది. ఇప్పుడు ఇల్లు కొన్నవాళ్లు ఆ సంగతి బావ చెవిన పడకుండా సత్యనారాయణ వ్రతం చేసుకుంటున్నారు.

వచ్చే నెల మా గృహప్రవేశం. దాచడానికి నేను పరాయివాణ్ణి కాదాయె.

"ఈసారి గుడ్లగూబ చెయ్యి బావా" అన్నాను, చిన్నదిగా ఉంటుందని.

"ఇంటి ముందు గుడ్లగూబా? అరిష్టమయ్యా!"

"పోనీ, గద్ద?"

"అది ఇంటి మీద వాలడమే మంచిది కాదంటారు, గుమ్మంలో పెడతావా? నీకు జాంబవంతుణ్ణి ఇస్తాను. చిరంజీవి."

"ఎంత ఎత్తు ఉంటుంది బావా?"

జేబులోంచి టేపు తీసి నా తల మీద పెట్టాడు.