కాకికి గడువు లేదు, పైపుకు ఐదేళ్ళే

డైరెక్టర్ జనరల్ గారికి,
డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రేడ్ రెమెడీస్,
జీవన్ తార బిల్డింగ్, పార్లమెంట్ స్ట్రీట్, న్యూఢిల్లీ.

విషయం: చైనా సీమ్‌లెస్ ఉక్కు పైపుల మీద యాంటీ డంపింగ్ సుంకం ఎత్తేయవద్దని, ఉంచేటప్పుడు మమ్మల్ని కూడా ఒక మాట అడగమని మనవి.

అయ్యా,

మాది నంద్యాల జిల్లా బనగానపల్లె మండలం, యాగంటి కొండల కింద ఊరు. ఎస్సార్బీసీ (శ్రీశైలం కుడి బ్రాంచి) కాలువ మా చేలకు పల్లంలో పోతుంది. నీళ్ళు కంటికి కనిపిస్తాయి, కయ్యకు ఎక్కవు. అందుకని మాకు సేద్యమంటే బోరు, బోరంటే పైపు. మీ దగ్గరికి వచ్చే అర్జీలు కంపెనీల తరఫున పెద్ద పెద్ద లాయర్లు రాసేవని విన్నాను. ఇది మాత్రం పైపుకు ఈ కొసన నిలబడ్డవాడు రాసింది. తప్పులుంటే దిద్దుకుని చదవగలరు.

ముందుగా మీ శాఖకు ఒక పాత కేసు గుర్తు చేయాలి. యాగంటిలో కాకి వాలదు. అగస్త్యుల వారు ఇక్కడ తపస్సు చేసుకుంటుంటే కాకాసురుడు కాకుల మందను వెంటేసుకొచ్చి భంగం చేశాడనీ, ఈ చుట్టుపక్కల మీ జాతి కనిపించకూడదని ముని శపించాడనీ స్థలపురాణం. పూర్తిస్థాయి దిగుమతి నిషేధం! మీ పద్ధతిలో చూస్తే ఆ ఉత్తర్వు ఒక్క రోజు కూడా నిలవదు. ఫిర్యాదు చేసిన దేశీయ పరిశ్రమ ఏది? పావురాలా, పిచ్చుకలా? స్థానిక ఉత్పత్తిలో కనీసం 25 శాతం వాటా ఉన్నవాళ్ళు మద్దతు పలికారా? కాకుల తరఫు వాదన ఎవరైనా విన్నారా? ఐదేళ్ళకోసారి సమీక్ష జరిగిందా? ఏదీ లేదు. అయినా ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది. పైగా కాకి శనీశ్వరుడి వాహనం కనుక శని కూడా ఈ క్షేత్రంలోకి రాలేడంటారు. సరుకును ఆపితే సరుకు పంపేవాడు కూడా గేటు బయటే ఆగిపోయాడన్నమాట. ఇంత గట్టి ఉత్తర్వు మీ కార్యాలయం నుంచి ఇంతవరకు రాలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇక మీ ఉత్తర్వు సంగతి. 2014లో సీమ్‌లెస్ పైపుల దిగుమతి మీద సేఫ్‌గార్డ్ సుంకం వేశారు. 2016 మేలో చైనా పైపు మీద తాత్కాలికంగా, 2017 ఫిబ్రవరిలో ఖాయంగా యాంటీ డంపింగ్ సుంకం వేశారు. 2021లో సమీక్షించి మరో ఐదేళ్ళు పొడిగించారు. ఆ లెక్కన 2026లో గడువు తీరిపోతుంది. 1975 నాటి కస్టమ్స్ టారిఫ్ చట్టం 9ఎ సెక్షన్ ప్రకారం సమీక్ష చేసి పొడిగిస్తే తప్ప ఐదేళ్ళకు సుంకం దానంతటదే రాలిపోతుంది. మునీశ్వరుడికి లేని ఇబ్బంది మీకు ఉంది, పాపం.

మీ లెక్క న్యాయంగానే ఉంటుందని ఒప్పుకోవాలి. చైనావాడు తన ఊళ్ళో అమ్ముకునే ధర కంటే మనకు ఎంత తగ్గించి అమ్ముతున్నాడో ఒక లెక్క తీస్తారు. దానివల్ల మన ఫ్యాక్టరీకి ఎంత దెబ్బ తగిలిందో ఇంకో లెక్క తీస్తారు. రెండింట్లో ఏది తక్కువో అంతే సుంకం వేస్తారు. పగవాడికి కూడా ఇంత మర్యాద చేసే చట్టం మనది. ఇంతా చేసి మీరు ఇచ్చేది సిఫార్సు మాత్రమే. చివరి సంతకం ఆర్థిక శాఖది, మూడు నెలల్లో. ఈ మధ్య కాలంలో మీరు పంపిన సిఫార్సుల్లో చాలా వాటిని ఆ శాఖ పక్కన పెట్టేసిందని తెలిసి, మా మండలాఫీసు ఒక్కటే అలా ఉంటుందనుకున్న నాకు కొంత ఊరట కలిగింది.

సీమ్‌లెస్ పైపు రైతు దాకా ఎక్కడొచ్చింది, అది చమురు బావులకూ బాయిలర్లకూ వాడేది కదా అని మీకు సందేహం రావచ్చు. ఒకసారి బోరు బండి దగ్గర నిలబడి చూడండి. బండి తమిళనాడు తిరుచెంగోడు నుంచి వస్తుంది. దేశంలో ఏ మూల బోరు వేసినా బండి మాత్రం ఆ ఊరిదే అన్నంత పేరు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూసినాయన చూపించిన చోట జాకీలు దించుతారు. కొసన హ్యామరు, దానికి బిట్టు, పైన 20 అడుగుల రాడ్డు. కంప్రెసర్ గాలి ఆ రాడ్డు లోపలి నుంచే కిందికి వెళ్ళి హ్యామరును ఆడిస్తుంది. రాడ్డు తిరుగుతూ ఉంటుంది, దెబ్బ తింటూ ఉంటుంది, పైనున్న రాడ్ల బరువు మోస్తూ ఉంటుంది. ఒకటి దిగితే ఇంకొకటి మర బిగిస్తారు. నాపరాతి పొర దాటిందాకా తెల్లటి దుమ్ము లేస్తుంది. పక్కన రైతు కూలబడి దుమ్ము రంగు చూస్తూ, ఎన్నో రాడ్డో లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. 300 అడుగులు దాటితే అడుగు రేటు మారుతుంది, ఆ పైన నూరు నూరుకూ మారుతుంది. తడి దుమ్ము రాకపోయినా సరే, ఇంకో రెండు రాడ్లు వేయమనే అంటాడు.

ఆ రాడ్డుకు అతుకు ఉంటే పని జరగదు. రేకును చుట్టి అంచులు అతికిన పైపు ఆ తిప్పుడుకూ ఆ దెబ్బకూ అతుకు దగ్గరే నోరు తెరుస్తుంది. అందుకని ఎర్రగా కాగిన గుండ్రటి ఉక్కు దిమ్మెను మధ్యలోకి పొడిచి, బోలు చేసి, సాగదీసి చేసిన పైపే కావాలి. అది మీ ఫైల్లోని సరుకే. రాడ్డు ధర ఎక్కినప్పుడల్లా బండివాళ్ళు అడుగు రేటు పెంచుతారు. ధర దిగినప్పుడు అడుగు రేటు దిగిన సంగతి మా మండలంలో ఎవరికైనా గుర్తుందేమో వాకబు చేశాను. ఎవరికీ గుర్తు లేదు.

నేను సుంకం ఉంచమనడానికి మొదటి కారణం ఇదే. చైనా పైపు కారుచౌకగా దిగిన రోజుల్లో ఆ చౌక ముంబై రేవు దగ్గరో, మధ్యలో గోడౌన్లలోనో ఆగిపోయింది. మా చేనిదాకా రాలేదు. రేపు మీరు సుంకం ఎత్తేసినా అలాగే ఆగుతుంది. వినియోగదారుల మేలు కోసం సుంకం తీసేయాలని ఎవరైనా మీ ముందు వాదిస్తే, ఆ వినియోగదారు పేరేమిటో, ఏ ఊరివాడో అడగండి.

రెండో కారణం నల్లగొండ జిల్లా నార్కట్‌పల్లిలో ఉంది. తెలుగునేల మీద సీమ్‌లెస్ పైపు చేయడానికి అక్కడ యునైటెడ్ సీమ్‌లెస్ ట్యూబులార్ అని పెద్ద ప్లాంటు కట్టారు. మీ ఖాయం సుంకం వచ్చిన 2017లోనే అది దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. మందు వచ్చేసరికి రోగి ఐసీయూలో ఉన్నాడు. దాన్ని మహారాష్ట్ర సీమ్‌లెస్ 477 కోట్లకు తీసుకుంటానంది. ముక్కలు చేసి అమ్మినా సుమారు 597 కోట్లు వస్తాయని మదింపు ఉంటే ఈ ధరకు ఎలా ఇస్తారని గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. అప్పులిచ్చినవాళ్ళు లెక్క చూసుకుని ఒప్పుకున్నాక మేము తూకం వేయబోమని 2020 జనవరిలో కోర్టు తేల్చింది. తీర్పును తప్పుపట్టేంత చదువు నాకు లేదు. ఒకటి మాత్రం అర్థమైంది. ఇలాంటి ప్లాంటు ఒకసారి ఆగిందంటే కట్టిన ఖర్చులో పిడికెడు కూడా చేతికి రాదు. పోటీ ప్లాంట్లు మూతపడ్డాక కూడా చైనావాడు అదే చౌకకు ఇస్తాడని నమ్మేవాళ్ళకు మా ఊళ్ళో ఎండిన బోర్లు చాలా ఉన్నాయి, మంచి ధరకు ఇప్పిస్తాను.

ఐదేళ్ళకోసారి పొడిగించడం లోకం మెచ్చని పని అని మీకు మొహమాటంగా ఉంటే అమెరికా వైపు చూడండి. మన దేశం నుంచి వెళ్ళే వెల్డెడ్ పైపు మీద వాళ్ళు 1986 మేలో యాంటీ డంపింగ్ సుంకం వేశారు. అప్పుడు ఇక్కడ ఎన్టీఆర్ ముఖ్యమంత్రి, అక్కడ రీగన్ అధ్యక్షుడు. తర్వాత ఎన్ని సమీక్షలు జరిగినా, ఎత్తేస్తే ఇండియా వాళ్ళు మళ్ళీ డంపు చేస్తారనే తేల్చుకుంటూ వచ్చారు. మీ దగ్గర చైనావాడు బోనులో ఉంటే వాషింగ్టన్‌లో ఆ బోనులో మనం ఉన్నాం. అదీ చాలదని 2018లో ఉక్కు మొత్తానికి 25 శాతం వేసి, 2025 జూన్‌లో 50 శాతం చేశారు. ఆ దేశంలో పైపు కొనే రైతు గతేమిటో తెలియదు కానీ, ఫ్యాక్టరీవాడి గొంతు మాత్రం బాగా వినిపిస్తోంది.

ఇంతవరకు మీ తరఫున మాట్లాడాను. ఇక నా తరఫున.

మీరు పైపు మీద సుంకం వేస్తే సరే. ముడిసరుకు మీద వేస్తేనే చిక్కు. 2025 ఏప్రిల్‌లో మీ సిఫార్సు మీదే ఫ్లాట్ ఉక్కు మీద 12 శాతం తాత్కాలిక సేఫ్‌గార్డ్ సుంకం 200 రోజులకు పెట్టారు. ఫ్లాట్ ఉక్కంటే కాయిల్. వెల్డెడ్ పైపు చేసే చిన్న మిల్లులు ఆ కాయిల్‌నే చీల్చి, చుట్టి, అతుకుతాయి. మా బోరు నోట్లో, మట్టి కూలకుండా గట్టి రాయి తగిలేదాకా దించే ఇనప కేసింగు అదే. ఈ రోజుల్లో చాలామంది పీవీసీ కేసింగుకు మారారు కానీ, రాళ్ళు కదిలే చోట ఇనప్పైపు తప్పదు. కాయిల్ చేసేది పెద్ద పెద్ద కంపెనీలు. మన విశాఖ ఉక్కు చేసేది కడ్డీలు, తీగలు, దిమ్మెలు. అక్కడ కాయిల్ లేదు. పోరాడి తెచ్చుకున్న ఫ్యాక్టరీ పక్కనే ఉండి కూడా ఆంధ్రాలో పైపు మిల్లుకు కాయిల్ వేరే రాష్ట్రం నుంచో వేరే దేశం నుంచో రావాలి. కాయిల్ ఖరీదైతే చిన్న మిల్లువాడు నలుగుతాడు, లేదా కేసింగు రేటు పెంచుతాడు. వాడు పెంచితే ఎవరి మీద పడుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

పీవీసీ కథా ఇంతే. పైపు గురించి నంద్యాలకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎస్పీవై రెడ్డి గారు పెట్టిన నంది పైపుల వల్ల రాష్ట్రంలో సగం మందికి మా జిల్లా పేరు చేలగట్ల మీద కనిపించింది. దేశానికి కావలసిన పీవీసీ రెసిన్‌లో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. ఆ రెసిన్ డంపింగ్ విచారణ కూడా మీ టేబుల్ మీదికే వచ్చింది. రెసిన్ చేసేవాడిని కాపాడితే పైపు చేసేవాడు ఏడుస్తాడు. పైపు చేసేవాడిని కాపాడితే పైపు కొనేవాడు ఏడవాలి. ఏడుపులన్నీ దిగుతూ దిగుతూ చివరికి బోరు గుంత దగ్గర చేరతాయి. తయారైన సరుకు మీద కంచె కట్టండి, కాదనను. ముడిసరుకు దగ్గర కూడా కట్టేముందు ఒకటికి పదిసార్లు ఆలోచించండి.

మా యాగంటి బసవన్న ఏటేటా పెరుగుతాడని అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ళకు అంగుళం చొప్పున అని పురావస్తు శాఖ వాళ్ళు కొలిచి చెప్పినట్టు ఇక్కడ చెప్పుకుంటారు. ఆయన పెరుగుదలకు అడ్డమని మండపంలో ఒక స్తంభం తీసేశారు. ఒకప్పుడు చుట్టూ తిరిగి ప్రదక్షిణ చేసేవాళ్ళం, ఇప్పుడు సందు లేదు. దేవుడి పెరుగుదలకే ఒక కొలత ఉన్నప్పుడు, దాదాపు పదేళ్ళుగా సుంకం నీడన ఉన్న సీమ్‌లెస్ పరిశ్రమ ఎంత ఎదిగిందో కొలత ఉండాలి కదా. కొత్త మిల్లు పెట్టారా, ఖర్చు తగ్గించుకున్నారా, దిగుమతి మీద సుంకం పడ్డాక ధర ఎంత పెంచారు? పొడిగింపు అడిగినప్పుడల్లా ఈ మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పించండి. చెప్పినవాళ్ళకు మరో ఐదేళ్ళు ఇవ్వండి. నేనే కొబ్బరికాయ కొడతాను.

మీ నియమాల్లో పారిశ్రామిక వినియోగదారులకు, చిల్లరగా అమ్ముడయ్యే సరుకైతే వినియోగదారుల సంఘాలకు, మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని ఉంది. మాలాంటివాళ్ళం ఏ గడిలోకీ రాము. మేం పరిశ్రమ కాదు. సీమ్‌లెస్ పైపును కొట్లో కొనం, అడుగు లెక్కన అద్దెకు తెచ్చుకుంటాం. కనీసం విచారణ నోటీసు ఒకటి తెలుగులో వేసి, నంద్యాల మార్కెట్ యార్డులో అతికించండి. అక్కడ గోడలకు కొదవ లేదు.

చివరగా మీ తుది నివేదికలు. మీరు అందరికీ అందుబాటులో పెడతారు, సంతోషం. తెరిచి చూస్తే ఉత్పత్తి వ్యయం ఎదురుగా మూడు నక్షత్రాలు. అమ్మకం ధర ఎదురుగా మూడు నక్షత్రాలు. లాభం ఎదురుగా మూడు నక్షత్రాలు, పక్కన బ్రాకెట్లు కూడా ఉంటే అది నష్టమని తెలుసుకోవాలి. వ్యాపార రహస్యాలు దాచాలన్నది చట్టమే అట, సరే. ఆ పద్ధతిలోనే నా వివరాలు కూడా దఖలు చేస్తున్నాను. విచారణలో చేర్చుకోగలరు.

ఇట్లు,
ఒక బోరు రైతు,
బనగానపల్లె మండలం.

జతపరచినది: అనుబంధం (బహిరంగ ప్రతి)

చేలో వేసిన బోర్లు: ***
వాటిలో నీళ్ళు పడినవి: ***
దించిన కేసింగు, అడుగుల్లో: ***
బోరు బండికి ఇచ్చింది: ***
పంట మీద లాభం: (***)

అసలు అంకెలు కావాలంటే మా బ్యాంకులో అడగండి. వాళ్ళు నక్షత్రాలు పెట్టరు.