ప్రొప్రైటరుగారింట్లో నాన్‌బోర్డరు

ఆయన విజిటింగ్ కార్డు మీద ‘ప్రొప్రైటర్’ అని ఉంటుంది, ఫోన్ నంబరుంటుంది, అడ్రసు మాత్రం ‘తార్నాక, హైదరాబాద్’ దగ్గర ఆగిపోతుంది. ఇంటి నంబరు వేస్తే ఆ కార్డు ఏదో ఒకరోజు ఓనరాంటీ చేతిలో పడుతుందని భయం. ఆవిడ లెక్కలో మన ప్రొప్రైటరుగారు ఇప్పటికీ ‘యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసుకుంటున్న బుద్ధిమంతుడైన అబ్బాయి’. ఆ బుద్ధిని చూసే రెండో అంతస్తు పోర్షన్ అద్దెకిచ్చింది.

చౌరస్తా నుంచి లాలాపేట వైపు పోయినా, హబ్సిగూడ వైపు పోయినా అపార్ట్‌మెంటుకొకడు ఇలాంటివాడు తగులుతాడు. ఎంఏ అయింది, పీహెచ్‌డీ కానట్టుగా అయింది. నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉండలేక జూనియర్ల థీసిస్‌లకు మార్జిన్లు సరిచేయడం మొదలుపెట్టాడు. మార్జిన్ల నుంచి ఫుట్‌నోట్లకు, ఫుట్‌నోట్ల నుంచి స్పైరల్ బైండింగుకు, అక్కణ్ణుంచి గ్రూప్-2 వీడియో పాఠాలకు ఎదిగాడు. నోటిఫికేషన్ వచ్చేసరికి రాయడానికి తీరిక లేకపోయింది.

ఆ పడగ్గదిని ఒకసారి చూడాలి. మంచం ఉండాల్సిన చోట రెండు మానిటర్లు. బల్ల కింద గంటకోసారి కుయ్యోమనే యూపీఎస్. కిటికీ పక్కన నాలుగు రంగుల ఇంకు కడుపులో నింపుకున్న ప్రింటరు. మూలన పాత దుప్పటి కప్పుకుని బైండింగ్ మిషన్. నెల మొదట్లో ఆంటీ అద్దె వసూలుకొచ్చే వేళకి రింగ్ లైటు మీద తడి తువ్వాలు ఆరేస్తాడు, మానిటర్ల ముందు ‘పరిశోధన పద్ధతులు’ తెరిచి పెడతాడు. కాగితాలకు చిల్లులు పొడిచే చప్పుడు కిందికి వినిపించి ఆవిడోసారి ఫోన్ చేసింది. “ఏంది అబ్బాయ్, ఆ టకటక?”

“అల్లం వెల్లుల్లి దంచుతున్న ఆంటీ.”

“రాత్రి పదకొండింటికా?”

“రేపు దోస్తులొస్తున్రు.”

ఇదంతా హాస్టల్లో అబ్బిన విద్య. ఉస్మానియా 1918లో పుట్టింది, ఆర్ట్స్ కాలేజీ రాతి భవనం 1939లో తెరిచారు. నాన్‌బోర్డరు ఎప్పుడు పుట్టాడో రికార్డుల్లో లేదు, అసలు రికార్డుల్లో లేకపోవడమే నాన్‌బోర్డరు లక్షణం. రూము ఇంకొకడి పేరు మీద ఉంటుంది, మంచం కిందో పక్కనో ఇతను ఉంటాడు, మెస్‌లో తింటాడు, వార్డెన్ రౌండ్‌కొచ్చినప్పుడు ‘చుట్టంచూపుగా వచ్చిన తమ్ముడు’ అవుతాడు. మన ప్రొప్రైటరుగారు క్యాంపస్ వదిలి ఏళ్లయినా ఆ పద్ధతి వదల్లేదు. కాకపోతే ఇప్పుడు రూము ఆయన పేరునే ఉంది, నాన్‌బోర్డరుగా ఉంటున్నది ఆయన వ్యాపారం.

కరెంటు ఆఫీసుకు ఆ పోర్షను గృహమే, సందేహం లేదు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు కూడా వస్తోంది. అందుకని బిల్లు తేదీ దగ్గరపడేకొద్దీ ఆయన మీటరు దగ్గర కనిపిస్తాడు. అంకె 190 దాటిందా, రెండో మానిటరుకు సెలవు. 195కి ఫ్యాను ఆపి, లుంగీతో భారత రాజ్యాంగం మీద పాఠం రికార్డు చేస్తాడు, నడుముదాకానే కెమెరా కాబట్టి పైన చొక్కా తొడుక్కుని. బ్యాంకుకు మాత్రం ఆ పోర్షను ఫక్తు వ్యాపారస్థలం. ఆధార్ కొట్టి పైసా ఖర్చు లేకుండా ఉద్యమ్ సర్టిఫికెట్ తీసుకున్నాడు, దాన్ని చూపించి ముద్ర లోన్లో కిశోర్ తరగతి, అంటే యాభైవేలు దాటి ఐదు లక్షల లోపుది, సంపాదించాడు. ఇక పెళ్లిచూపుల్లో ఆయన స్టార్టప్ ఫౌండరు.

నిజం చెప్పొద్దూ, ఆయన అబద్ధాలకోరు కాదు. ఏ ఒక్కరికీ చెప్పింది పూర్తి అబద్ధం కాదు. ఒకరికి చెప్పింది ఇంకొకరికి తెలియకుండా చూసుకోవడమే ఆయన చేసే అసలు వ్యాపారం.

ఇలా సాగుతుండగా బ్యాంకువాళ్లు ఫోన్ చేశారు. లోన్ డబ్బుతో కొన్న సామాను తమకు తాకట్టులో ఉన్నట్టే కాబట్టి దానికి ఇన్సూరెన్స్ కాపీ పంపమన్నారు. అప్పటిదాకా ఆ సామానుకున్న బీమా ఒక్కటే. దసరాకు ఊర్నుంచి వచ్చిన అమ్మ ఆయుధపూజలో ప్రింటరుకు బొట్టు పెట్టి, యూపీఎస్ మీద నిమ్మకాయ నిలబెట్టి, కీబోర్డు మీద పసుపునీళ్లు చల్లింది. అప్పట్నుంచి ఆ కీబోర్డులో ‘ఎల్’ అక్షరం రెండుసార్లు పడుతుంది.

పై ఫ్లాట్ సాఫ్ట్‌వేరాయన్ని సలహా అడిగాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఇంటికి తెచ్చుకున్న లాప్‌టాప్‌తోనే ఆయన ఇంకా కాపురం చేస్తున్నాడు. లాప్‌టాప్ కంపెనీది, పోతే చూసుకోవాల్సిందీ కంపెనీయే. “మాకా బాధ లేదండీ” అన్నాడు. ఆ ‘అండీ’ ప్రొప్రైటరుగారికి రెండు రోజులు అరగలేదు.

ఆఖరికి ఏజెంటన్న వచ్చాడు. మొదటి ప్రశ్నే కొంప ముంచింది.

“ఇంట్ల కమర్షియల్ ఏమన్న నడుస్తదా తమ్మీ?”

“కమర్షియల్ అంటే?”

“పైసలొచ్చే పని.”

“ఏదో నా పని నేను చేసుకుంటనే అన్నా.”

ప్రొప్రైటరుగారి ఆశ భారత్ గృహ రక్ష మీద. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ ఒకే తీరున అమ్మడం మొదలుపెట్టిన ఇంటి పాలసీ అది. అద్దెకున్నవాళ్లు గోడల జోలికి పోకుండా సామానుకే తీసుకోవచ్చు. ఏజెంటన్న తలూపాడు. “టీవీ, ఫ్రిజ్, మంచం, బట్టలు... ఇంటి వాడకం సామానుకు మంచిదే. మరి నీ బైండింగ్ మిషనున్నది. రోజూ ఇంట్ల ఎన్ని పుస్తకాలు బైండు చేసుకుంటవ్?”

వ్యాపారం సామానుకు వేరే ఉందన్నాడు, భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష. ఒకచోట ఉన్న ఆస్తి ఐదు కోట్లు దాటనివాళ్లకు. ప్రొప్రైటరుగారికి ‘సూక్ష్మ’ వినపడలేదు, ‘ఐదు కోట్లు’ వినపడింది. ఆ వారమే పెళ్లి బయోడేటాలో ‘ఐదు కోట్ల లోపు వ్యాపారం’ అని కొత్త లైను చేరింది.

తర్వాత ఏం జరిగితే ఎంతొస్తుందన్న విచారణ మొదలైంది. నిప్పు, పిడుగు, వరద, నీళ్ల ట్యాంకు పగలడం, అల్లర్లు, అన్నీ ఉన్నాయి. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన హబ్సిగూడ, రామంతాపూర్ కాలనీల్లో ఇళ్లలోకి దూరడం చూసినవాడు కాబట్టి వరద దగ్గర శ్రద్ధగా విన్నాడు. తనది రెండో అంతస్తని గుర్తొచ్చి నిరాశపడ్డాడు.

“యూపీఎస్ లోపల్నే షార్టయి కాలితే?”

“దానికి రాదు. దాని మంట పక్క బల్లకంటుకుంటే బల్లకొస్తది.”

ఆయన కాసేపు ఆలోచించి, “అయితే బల్లకు విలువ ఎక్కువ రాద్దాం” అన్నాడు.

“మిషను మిషనే చెడిపోతే ఎలక్ట్రానిక్ ఎక్విప్‌మెంట్ పాలసీ అని ఇంకోటుంటది, అది తీస్కో.”

“దొంగతనమైతే?”

“మంటనో వరదనో వచ్చి, ఆ గడబిడల ఏడురోజుల లోపు ఎత్తుకపోతే ఇందులనే వస్తది. మామూలు దొంగకు బర్గ్లరీ పాలసీ వేరే. దానికి తాళమో తలుపో పగలగొట్టిన గుర్తుండాలె. తాళంచెవి యాడ పెడతవ్?”

“మీటర్ బాక్స్ పైన.”

“మంచిగుంది. దొంగ తలుపు గూడ వేసి పోతడు.”

విలువ రాయాల్సి వచ్చినప్పుడు ఇంకో చిక్కు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ బజార్లో లక్షా ఇరవై వేలకు కొన్న లాప్‌టాప్ ఆయన దగ్గర మూడు ధరలతో ఉంటుంది. ఇన్‌కంటాక్స్ కాగితాల్లో కంప్యూటరు విలువ ఏటా నలభై శాతం తరుగుతుంది, మొదటి ఏడాదికి 72,000, రెండో ఏడాదికి 43,200, మూడో ఏడాదికి 25,920. జూనియరెవడైనా కొంటానంటే అదే లాప్‌టాప్ ‘కొత్తదాని లెక్కనే’ అరవై వేలు. ఎలక్ట్రానిక్ పాలసీవాళ్లకు ఈ రెండూ అక్కర్లేదు, ఇవాళ అలాంటిది కొత్తది కొనాలంటే ఎంతవుతుందో అది రాయమంటారు. ప్రీమియం తగ్గుతుందని సగం రాస్తే, రేపు నష్టమొచ్చినప్పుడు లెక్కగట్టి ఇచ్చేదీ సగమే. “మరి బిల్లెవరి పేరు మీదున్నది?” అని ఏజెంటన్న అడిగాడు. బిల్లు బావ కంపెనీ పేరు మీద ఉంది. కట్టిన జీఎస్టీ బావకు కలిసొస్తుందని అప్పట్లో అలా తీయించాడు. పోతే నష్టపోయేవాడే బీమా చేయించాలి, కాగితాల ప్రకారం నష్టపోయేది బావ. బావకేమో ఈ లాప్‌టాప్ ముఖం కూడా తెలియదు.

నాకైతే ఆయన మీద జాలే వేస్తుంది. ఇన్నాళ్లూ కౌంటరు కౌంటరుకీ ఒక వేషం కట్టి నెగ్గుకొచ్చినవాడు. మిగతా అందరూ నీకెంత వస్తుందని అడిగారు, దానికి తగ్గించి చెప్పడం తెలుసు. బీమావాళ్లొక్కరే నీదేం పోతుందని అడిగారు. దానికి తగ్గించి చెబితే తనకే నష్టం, ఉన్నదున్నట్టు చెబితే ఉన్నదంతా బయటపడుతుంది. పోనీ పైవాళ్లకు మొరపెట్టుకుందామా అంటే బీమా నియంత్రణ సంస్థ ఊళ్లోనే, నానక్‌రాంగూడలో ఉంది, తార్నాకలో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా తిన్నగా పోవచ్చు. కానీ ఏమని మొర? అడగాల్సిన ప్రశ్నే అడిగారని?

ఫారంలో అన్నీ నింపాక చివరికి మిగిలింది ‘ఆవరణ ఏ అవసరానికి వాడుతున్నారు?’ అన్న గడి. ప్రొప్రైటరుగారు పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. కింద ఆంటీ మోటరు వేసిన చప్పుడైంది. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి, గుండ్రటి అక్షరాలతో ‘నివాసము’ అని రాసి, పక్కనే చీమ తలకాయంత సైజులో ‘మరియు తదితరములు’ అని చేర్చాడు.

ఏజెంటన్న కళ్లజోడు పైకి జరుపుకుని చదివాడు. “తమ్మీ, రేపు తదితరములు కాలితే ఎవ్వడూ పైసలియ్యడు. ఏం పని చేస్తవో అది రాయి.”

“అది కాదన్నా,” అన్నాడు ప్రొప్రైటరుగారు గొంతు తగ్గించి, “తదితరములకు ప్రీమియం ఏమన్న తక్కువుంటదా?”