బిగింపు సూత్రం: టీకా తాత్పర్య విశేష సహితం

మూలం: విప్పిన క్రమమునకు విపర్యయమే బిగింపు.

అవతారిక: పాత స్పోర్ట్స్ కార్లను మళ్లీ రోడ్డెక్కించాలని దీక్ష పట్టిన ఇంగ్లీషువారికి వర్క్‌షాప్ మాన్యువల్ నిత్య పారాయణ గ్రంథం. అందులో ఏ అధ్యాయం తిరగేసినా విప్పడం గురించి వాషరు వాషరుకూ వివరం, పక్కన బొమ్మలు, బొమ్మల మీద బాణం గుర్తులు. బిగించడం దగ్గరికి వచ్చేసరికి పై అర్థం వచ్చే వాక్యం ఒక్కటే. గ్యారేజీ నేలంతా సామాను పరుచుకుని కూర్చున్న మనిషి అది చదివి, ఇంకేమైనా చెప్పారేమోనని పేజీ తిప్పితే తరువాతి అధ్యాయం మొదలై ఉంటుంది.

సూత్రంలో అర మాత్ర తగ్గితే వ్యాకరణవేత్తలు కొడుకు పుట్టినంత సంబరపడతారని పండితుల్లో ప్రతీతి. ఇక్కడ తగ్గింది అర మాత్ర కాదు, అధ్యాయంలో సగం. ఆ లెక్కన మాన్యువల్ కర్తలది బహు సంతానం.

ప్రతిపదార్థం: సులభం గనుక విడిచిపెట్టడమైనది.

కర్తృ విచారం: ఈ సంప్రదాయంలో ముందు తలచుకోవలసిన పేరు జాన్ హేన్స్. 1965లో రాయల్ ఎయిర్ ఫోర్స్ ఉద్యోగిగా ఏడెన్‌లో ఉండగా, తోటి ఉద్యోగి కొన్న ఆస్టిన్ హీలీ స్ప్రైట్‌ను బాగుచేయడానికి ఆయన చెయ్యి వేశాడు. కంపెనీ ఇచ్చిన మాన్యువల్ మామూలు మనిషికి కొరుకుడు పడేది కాదని తేలింది. దానితో ఇంజిను ఊడదీసి, అడుగడుగునా ఫొటోలు తీస్తూ మళ్లీ కూర్చారు. 1966లో స్ప్రైట్ మాన్యువల్ వెలువడింది. మాన్యువల్ మీద విసుగుతో పుట్టిన మాన్యువల్! ఆ పరంపర కూడా బిగింపు దగ్గర ఈ సూత్రాన్నే జపించడం విధి విలాసం.

విశేషం: విప్పాలంటే పానా కావాలి. ఏ పానా? వ్యాఖ్యాత ఇక్కడ కాస్త ఆగక తప్పదు.

జోసెఫ్ విట్‌వర్త్ 1841లో బ్రిటన్ మరలన్నిటికీ ఒకే కొలత ప్రతిపాదించాడు. మర పల్లు కోణం 55 డిగ్రీలు. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ అది కాదు, 60 అన్నాడు. ఇలా రెండు మతాలు ఏర్పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఒకరి బోల్టు ఇంకొకరి నట్టులో దిగక అవస్థపడ్డాక, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 60కి ఒప్పుకున్నాయి. బ్రిటిష్ కార్ల విద్యుత్ పరికరాల్లోని చిన్న స్క్రూలది మూడో శాఖ, పేరు బీఏ. కోణం 47.5 డిగ్రీలు. సున్నా నంబరు స్క్రూకు చుట్టుకూ చుట్టుకూ మధ్య దూరం, అంటే పిచ్, ఒక మిల్లీమీటరు. ఆపై ప్రతి నంబరుకూ అంతకు ముందుదానిలో పదింట తొమ్మిది వంతులు. అంటే నంబరు పెరిగేకొద్దీ స్క్రూ చిన్నదవుతుంది. ఇక విట్‌వర్త్ పానా మీద చెక్కిన అంకె పానా నోటి వెడల్పు అనుకున్నవాడు మోసపోతాడు. అది ఆ పానాకు తగిన బోల్టు కాడ మందం.

ఈ శాఖాభేదాలు ముదిరి పాకాన పడిన క్షేత్రం 1945-49 మధ్య వచ్చిన ఎంజీ టీసీ కారు. దాని 1250 సీసీ ఇంజినులో మరలు మెట్రిక్, బోల్టు తలలు విట్‌వర్త్. కారణం తుపాకులు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో హాచ్‌కిస్ అనే ఫ్రెంచి ఆయుధాల కంపెనీ కోవెంట్రీలో కార్ఖానా పెట్టింది. 1923లో దాన్ని ఎంజీ కార్ల వెనకున్న విలియం మోరిస్ కొన్నాడు. అక్కడి పనిముట్లు మెట్రిక్‌వి గనుక మరలు మెట్రిక్‌లోనే తెగాయి. ఇంగ్లీషు మెకానిక్ చేతిలో ఉన్నది విట్‌వర్త్ పానా గనుక తలలు దానికి తగ్గట్టు చేశారు. మొండెం ఫ్రెంచి, తల ఇంగ్లీషు. నేడు 8 మిల్లీమీటర్ల బోల్టు అడిగితే బజారులో మామూలుగా ఇచ్చేది 1.25 పిచ్‌ది. ఆ ఇంజినుకు కావలసింది 1.0. బజారు బోల్టు కాస్త దిగి పట్టేస్తుంది. బిగువనుకుని బలం పెడితే ఇంజిను బ్లాకులోని మరే పోతుంది.

మెతుకుసీమ కొలిచెలమ వాడైన మల్లినాథ సూరి ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మాట ఇచ్చి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత మొదటి మాట నిలబెట్టుకున్నాడు.

ప్రకృతం: ఎంజీబీ. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైంది గనుక సూత్రబాధితుల్లో అధికసంఖ్యాకులు దీని భక్తులే. దీని 1798 సీసీ బీ-సిరీస్ ఇంజిను మన అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజినుకు స్వయానా దాయాది. తెలుగు పాఠకుడు దీన్ని పరాయిగా చూడనక్కరలేదు.

ఈ కారుకు విడిగా ఛాసిస్ లేదు. టాపు లేని మోడల్లో తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ నడుము బరువు మోస్తాయి. తుప్పు వాటిని లోపలి నుంచి తింటుంది. బయటి రంగు మెరుస్తూనే ఉంటుంది. ఆ సిల్ కోసే ముందు తలుపు సందుకు అడ్డంగా ఇనుప బద్ద వెల్డింగ్ చేయకపోతే కారు నడుము జారుతుంది. కొత్త సిల్ అతికాక తలుపు మూసుకోదు. రంగు కూడా వేయించాక ఈ సంగతి తెలిసినవాడి ఇంట ఆ రోజు ఎవరూ మాట్లాడకపోవడం మంచిది.

తర్కసంగ్రహకర్త అన్నంభట్టు తెలుగువాడే. ఆయన గ్రంథం ప్రకారం కుండ చేయకముందు లేకపోవడం వేరు, పగిలాక లేకపోవడం వేరు. మొదటిదానికి ఆది లేదు, అంతం ఉంది. రెండోదానికి ఆది ఉంది, అంతం లేదు. తుప్పు పట్టి తల తెగిన బోల్టుది అచ్చంగా రెండో కోవ. దాన్ని లాగడానికి రంధ్రం చేసి గట్టి ఉక్కు ఎక్స్‌ట్రాక్టరు దించుతారు. అదీ లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. విపర్యయవాదులు దీనికి సమాధానం చెప్పాలి.

చెప్పరు. ఎందుకంటే మాన్యువల్ రాసినవాడి ముందున్నది తుప్పెరగని కారు. చదివేవాడి ముందున్నది యాభై వానాకాలాలు తడిసిన కారు. వీరిద్దరూ ఒకే వస్తువు గురించి మాట్లాడుకోవడం లేదు. పైగా సగంలో విసుగెత్తినవాళ్లు విప్పిన కారును అట్టపెట్టెల్లో సర్ది "ప్రాజెక్టు" పేరుతో అమ్మేస్తారు. అది కొన్నవాడు విప్పలేదు, విప్పుతుండగా చూడలేదు. ఏ క్రమానికి విపర్యయం చేయాలి వాడు? ఏ సంచిలో బోల్టు ఎక్కడిదో సూత్రం చెప్పదు. ఇది వేళాకోళం కాదు; ఎందరి డబ్బో ఆ పెట్టెల్లో తుప్పు పడుతోంది.

తాత్పర్యం: మాకు ఓపిక అయిపోయింది, మీరు చూసుకోండి.

విన్నపం: సూత్రకారులు తరువాతి ముద్రణలో బిగించడం గురించి బొమ్మలతో సహా పూర్తిగా రాసి, విప్పడాన్ని దానికి విపర్యయమని ఒక్క వాక్యంలో తేల్చెయ్యగలరు. విప్పడం మాకు ముందే వచ్చు.