డోలీ కర్రను మాట్లాడుతున్నాను

నేను డోలీని. సరిగ్గా చెప్పాలంటే డోలీ కర్రను. నాకు కట్టే గుడ్డ ప్రతిసారీ వేరు. ఎవరింట్లో జబ్బు చేస్తే ఆ ఇంటి దుప్పటి, అది లేకపోతే చీర. రెండు కొసలూ నా రెండు చివర్లకు బిగించి కట్టి, మధ్యలో మనిషిని పడుకోబెడతారు. ముందొకరు, వెనకొకరు భుజానికెత్తుకుంటారు. భుజం మార్చుకోడానికి ఇంకో ఇద్దరు ముగ్గురు పక్కనే నడుస్తారు.

మా ఊరు సాలూరు పైన, ఒడిశా సరిహద్దు కొండల్లో ఉంది. పేరు చెప్పను. ఈ వరసలో ఏ ఊరి పేరు చెప్పినా నా కథ మారదు. పట్టుమని పాతిక గడప లేదు. కొండదొరలు ఎక్కువ, జాతాపు కుటుంబాలు కొన్ని. పోడులో చోడి, సామ, కంది పండిస్తారు. అంచుల్లో పసుపు, అల్లం వేస్తారు. వేసవిలో చింతపండు, చలికాలంలో కొండచీపుర్లు. అమ్మాలన్నా కొనాలన్నా సంతకు దిగాలి, దిగినంత దూరమూ మళ్లీ ఎక్కాలి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు మా కొండ అందులో ఉండేది. 1979లో విజయనగరం జిల్లాలో కలిసింది. 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఎన్ని జిల్లాలు మారినా కొండ కిందికి దారి మాత్రం అదే కాలిబాట.

నన్ను నరికింది 2004 వేసవిలో. లోక్‌సభ ఫలితాలొచ్చిన రోజులవి. ఊరంతా తాతా అని పిలిచే ఒక ముసలాయన గట్టి వెదురు కోసం లోయంతా వెతికి, కణుపులు దగ్గరగా ఉన్న నన్ను ఎంచుకున్నాడు. నరికి, కొమ్మలు చెక్కి, పొయ్యి మీది అటక మీద పెట్టాడు. ఆ పొగ పట్టడం వల్లే నాకు పురుగు తగల్లేదు. "కర్ర గట్టిదైతే లోపలున్నోల్లకి కుదుపు తగల్దు" అని కుర్రాళ్లకు చెప్పేవాడు. తనకు ఓటు హక్కు వచ్చిన కాలం నాటి కబుర్లు కూడా ఆ పొయ్యి దగ్గరే చెప్పేవాడు. అలా విన్నదే 1957 ఎన్నికల కథ.

అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో ఇనప పెట్టె ఉండేదట, దాని మీద గుర్తు అంటించి. కాగితం మీద ముద్ర వెయ్యక్కర్లేదు, నచ్చిన పెట్టెలో వేసి రావడమే. పార్వతీపురం అప్పుడు ద్విసభ్య లోక్‌సభ నియోజకవర్గం. రెండు సీట్లు, అందులో ఒకటి గిరిజనులకు. ఓటరుకు రెండు ఓట్లు. కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసిన వి.వి. గిరి అక్కడ నిలబడ్డారు. లెక్కపెడితే బిడ్డిక సత్యనారాయణ దొరకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయి, డిప్పల సూరి దొర రెండో స్థానంలో నిలిచారు. కొన్ని వందల ఓట్ల తేడాతో గిరి మూడో స్థానానికి జారారు. రిజర్వు సీటుకు నామినేషన్ వేసిన గిరిజనుడికి జనరల్ సీటు ఎలా ఇస్తారని ఆయన కోర్టుకు వెళ్లారు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. రిజర్వేషన్ గిరిజనుడికి ఒక రక్షణే గాని, ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవాణ్ని జనరల్ సీటుకు దూరం చేసే అడ్డం కాదని తేలింది. ఆ గిరిగారే 1969లో రాష్ట్రపతి అయ్యారు. ద్విసభ్య నియోజకవర్గాలను 1961లో చట్టం చేసి రద్దు చేశారు.

"మనోల్లిద్దరు డిల్లీ ఎల్లేరు. ఇక రోడ్డొచ్చెత్తాదనుకున్నాం" అనేవాడు తాత. ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో కోపం ఉండేది కాదు. అంతమంది చదువుకున్నవాళ్ల మధ్య, అంత పెద్ద మనిషి ఎదుట, తమ ఓటు సమానంగా లెక్కకొచ్చిందన్న గర్వం ఉండేది. ఆ గర్వం నాకూ అబ్బింది.

2004లో పార్వతీపురం నుంచి గెలిచిన కిశోర్ చంద్రదేవ్, అటవీ హక్కుల బిల్లును పరిశీలించిన సంయుక్త పార్లమెంటరీ కమిటీకి అధ్యక్షుడయ్యారు. బిల్లు మొదట తెచ్చినప్పుడు 1980 నాటికి సాగులో ఉన్న అడవి భూమికే హక్కు అన్నారు. కమిటీ ఆ గడువును 2005 డిసెంబరు 13కి జరపమంది. 2006 చివర్లో చట్టమైనప్పుడు అదే నిలిచింది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలని కూడా ఆ చట్టంలో ఉంది. నేనున్న ఇంటికి పట్టా వచ్చిన రోజు, తాత కోడలు తన పేరు ఎక్కడుందో చదివించుకుని ఆ చోట వేలు పెట్టి చూసుకుంది. ఒక ఎన్నిక ఇంత దూరం రాగలదని నాకు తెలిసింది ఆ రోజే. ఎన్నికల వల్ల ఏమీ మారదనే మాట ఎవరన్నా నేను ఒప్పుకోను. మా కొండ ఎంచి పంపిన మనిషి పనిచేసిన చట్టం మా పొలాన్ని మాకు రాసిచ్చింది.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్సు మొదలైంది. అంతకు ముందు నన్ను ఆసుపత్రి దాకా మోసేవాళ్లు. ఆ తర్వాత నా ప్రయాణం తారు రోడ్డు దగ్గర ఆగింది. అది చిన్న మార్పు కాదు. అయితే 108 రోడ్డున్నంత వరకే వస్తుంది. మిగిలిన కొండ నాది.

ఆ మిగిలిన కొండ సంగతి చెప్పాలి. పత్రికల్లో ఫొటో వస్తుంది గాని, దారి కనబడదు. నొప్పులు మొదలైన ఆడమనిషి నాలో పడుకుంటే దుప్పటి సాగి నడుము కిందికి దిగిపోతుంది. తల ఎటు పెట్టాలన్నది ముందే చూసుకోవాలి. దిగుడులో తల వెనక్కి, ఎక్కుడులో తల ముందుకి ఉండాలి, లేకపోతే రక్తమంతా తలలోకి దిగుతుంది. ముందు మోసేవాడు రాయి వస్తే "రాయి" అంటాడు, వేరు వస్తే "ఏరు" అంటాడు, వెనకవాడికి తన కాళ్లు కనబడవు గనక. గెడ్డ దాటేటప్పుడు భుజం మీంచి నన్ను తల మీదికి ఎత్తుతారు. వానాకాలంలో గెడ్డ పొంగితే ఒడ్డున కూర్చుని నీళ్లు తగ్గేదాకా చూడ్డమే. ఆ చూడ్డంలో కొందరు బిడ్డలు పుట్టేశారు. తోడొచ్చిన అత్తలు, వదినలు చుట్టూ చీరలు అడ్డం పట్టారు. కొందరు తల్లులు మాత్రం నాలోనే వెనక్కి ఎక్కారు, మొహం మీద గుడ్డ కప్పి. ఎక్కేటప్పుడు ఎవరూ "రాయి" అనరు, "ఏరు" అనరు.

మొయ్యడానికి భుజాలు కావాలి. అవీ తగ్గిపోతున్నాయి. కుర్రాళ్లు చెన్నై, హైదరాబాద్, విజయవాడల్లో కట్టుబడి పనులకు వెళ్లిపోతున్నారు. శ్రీకాకుళం మైదానంలో ఎన్నో ఊళ్ల కథ ఇదే, కొండ మీద ఇంకాస్త. ఓట్లప్పుడు అందరూ వస్తారు. పోలింగు వారంలో ఎవరికి జబ్బు చేసినా అదృష్టమే, ఆరుగురు మోసేవాళ్లు దొరుకుతారు.

మధ్యలో మంచి పనులు జరగలేదని అనను. 2018లో బైకు అంబులెన్సులు వచ్చాయి, కాలిబాట వెడల్పున్న చోట్ల అవి ఎక్కుతాయి. కాన్పు రోజులు దగ్గరపడిన గర్భిణులు ముందుగానే దిగి ఉండేందుకు సాలూరు, గుమ్మలక్ష్మీపురంలలో వసతి గృహాలు పెట్టారు. అక్కడికి వెళ్లిన వాళ్లను నేను మొయ్యలేదు, నాకంతకన్నా సంతోషం లేదు. 2020లో మా సాలూరు మండలంలోనే కొదమ పంచాయతీ గిరిజనులు తమ డబ్బు పోగేసుకుని, నగలు తాకట్టు పెట్టి, యంత్రాలు తెప్పించి కొండకు ఘాట్ రోడ్డు తవ్వించుకున్నారు. దేశమంతా మెచ్చుకుంది. మెచ్చుకోవలసిందే. కానీ మెడలో పుస్తెలు తాకట్టు పెట్టి రోడ్డు వేసుకోవలసిన అవసరం ఏ పౌరుడికీ రాకూడదు.

2024 మే 13న మా వాళ్లు తెల్లారకముందే దిగారు. మిగతా చాలా చోట్ల పోలింగు సాయంత్రం ఆరు దాకా. సాలూరు, కురుపాం, పాలకొండల్లో ఐదింటికే ముగింపు. పక్కనే కొఠియా గ్రామాలు. ఆంధ్రా, ఒడిశా రెండూ తమవే అనే ఊళ్లు అవి. అదే రోజు రెండు రాష్ట్రాల్లోనూ పోలింగు కావడంతో అక్కడి జనం ఇటు అరకు సీటుకు, అటు కోరాపుట్ సీటుకు కూడా ఓటేశారు. మా వాళ్లలో ఒక బాలింతను నేనే మోశాను, ఆసుపత్రికి కాదు, పోలింగు బూత్‌కు. దిగేటప్పుడు ఆమె ఒక్కటే అడిగింది: "ఏటన్నా, ఈపాలి అయినా రోడ్డేత్తారా?" మోస్తున్నవాళ్లు జవాబు చెప్పలేదు, ఊపిరి దాచుకోవాలి గనక.

జూన్ 4న ఫలితాలొచ్చాయి. అరకు నుంచి డాక్టరీ చదివిన గుమ్మా తనూజారాణి పార్లమెంటుకు వెళ్లారు. సాలూరులో గెలిచిన గుమ్మిడి సంధ్యారాణి రాష్ట్రంలో గిరిజన, మహిళా శిశు సంక్షేమ శాఖల మంత్రి అయ్యారు. పార్టీలు వేరు. ఇద్దరూ ఆడవాళ్లు, ఇద్దరూ గిరిజనులు, ఒకరు వైద్యం తెలిసినవారు. నొప్పులు పడే మనిషిని డోలీలో మొయ్యడమంటే ఏమిటో వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. అందుకే ఈసారి నా ఆశ పెద్దది. శ్రీకాకుళం నుంచి గెలిచిన రామ్మోహన్ నాయుడు కేంద్ర పౌర విమానయాన మంత్రి అయ్యారు. అంతకు ముందు 2014లో విజయనగరం అశోక్ గజపతిరాజుకు దక్కిందీ అదే శాఖ. భోగాపురంలో విమానాశ్రయం కడుతున్నారు. కట్టాలి, మా పిల్లలు కూడా ఒక రోజు అందులోంచి ఎగరాలి. ఆ రన్‌వేకి పెట్టిన శ్రద్ధలో కొంత మా కాలిబాటకు కావాలి.

2024 డిసెంబరు 20న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ మా పక్క కొండల్లోని బాగుజోలకు వచ్చి రోడ్లకు శంకుస్థాపన చేశారు. 2025 ఏప్రిల్‌లో 'అడవి తల్లి బాట' అనే పేరుతో వెయ్యి కోట్ల రూపాయలు దాటిన గిరిజన రోడ్ల పని మొదలైంది. ఈ కబురు విన్న రాత్రి మా ఊళ్లో ఎవరూ తొందరగా నిద్రపోలేదు. మా ఊరు ఆ జాబితాలో ఉందా అని మర్నాడే ఒకరు దిగి కనుక్కుని వచ్చారు. లేదు.

ఎందుకు లేదో చెబుతాను, ఎందుకంటే మార్పు ఆగిపోయేది ఇలాంటి చోట్లే. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైనప్పుడు మైదానంలో 500 జనాభా, కొండల్లో, గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఊళ్లకు రోడ్డు అన్నారు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ ఆ లెక్కను 100కు దించింది. చాలా మంచి మార్పు. అయితే అది ఆదిమ గిరిజన తెగల ఊళ్లకే. కొండసవరలు, గదబల్లో పోర్జాల్లో కొన్ని శాఖలు వస్తాయి. కొండదొరలు, జాతాపులు రారు. మా ఊళ్లో వంద మందీ లేరు, ఆ తెగలూ కావు. రెండు గీతలకూ ఇవతలే ఉండిపోయాం. కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే, ఆ ఊరి జనాభా ఎంత అని అడుగుతామా?

రెండో అడ్డు అడవి అనుమతి. ఒకసారి మా వాళ్లు రోడ్డు అర్జీతో ఒక కార్యాలయానికి వెళ్తే, అది రిజర్వు ఫారెస్టు, ఢిల్లీ నుంచి అనుమతి రావాలి అని తిప్పి పంపారు. కానీ మా కొండ గెలిపించిన మనిషి కమిటీలో కూర్చుని చూసిన ఆ అటవీ హక్కుల చట్టంలోనే, సెక్షన్ 3(2) కింద, దారి తెరిచి ఉంది. రోడ్డు, బడి, అంగన్‌వాడీ, ఆసుపత్రి, మంచినీళ్లు లాంటి అవసరాలకు ఒక్కో పనికి హెక్టారుకు మించకుండా, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా అడవి భూమి ఇవ్వచ్చు. ముందు గ్రామసభ సిఫారసు చెయ్యాలి. ఆ పైన అనుమతి జిల్లా స్థాయిలోనే అయిపోతుంది. చట్టం వచ్చి ఇరవయ్యేళ్లు కావస్తోంది. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఎన్నికా అక్కర్లేదు.

కొండ మీది అన్నలకూ అప్పలకూ ఒక మాట. మీ ఊరి పెద్దలు, ఆడవాళ్లు, అందరూ కూర్చుని గ్రామసభ తీర్మానం రాయించండి. దారి ఎక్కడి నుంచి ఎక్కడికో, ఎంత భూమి పోతుందో, ఎన్ని చెట్లు పోతాయో అందులో రాయండి. సెక్షన్ నంబరు వెయ్యడం మరిచిపోకండి. కింద బల్లల దగ్గర కూర్చున్న అయ్యలకూ అమ్మలకూ ఇంకో మాట. జనాభా గీతకు ఇవతల ఉన్న ఊళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి. మీ దగ్గరికి వచ్చిన తీర్మానాల మీద ఈ వానలకు ముందే సంతకాలు పెట్టండి.