వైకల్య చూపులు

ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛన్లు తీసుకుంటున్న కొందరికి, మీరు అనర్హులంటూ ప్రభుత్వం నోటీసులివ్వడం, దానిమీద గొడవ రేగడం తెలిసిందే. దానిమీద మా కాలనీ పెద్దాయన ఒకరు ఈ వారం తీర్పిచ్చేశారు: "మనిషిని చూస్తే తెలీదుటండీ! దర్జాగా నడిచొచ్చి నెలకి 6,000 పట్టుకెళ్తుంటే!" చుట్టూ ఉన్నవాళ్లంతా తలలూపారు.

నిజమే సుమండీ. చూస్తేనే తెలిసిపోయేదానికి వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులెందుకు, స్లాటు కోసం పడిగాపులెందుకు, డాక్టర్లెందుకు? పెళ్లిచూపుల్లా వైకల్య చూపులు పెట్టేస్తే పోలా! ముహూర్తం చూసుకుని నలుగురు పెద్దలు వస్తారు. ఉప్మా, కాఫీ ఖర్చు దరఖాస్తుదారుడిదే.

ముందు తలసేమియా పిల్లను చాపమీద కూర్చోబెడతారు. మొన్ననే రక్తం ఎక్కించారు, బుగ్గల్లో కాస్త రంగుంది. "నిక్షేపంలా ఉందిగా" అని పిన్నిగారు తేల్చేస్తారు. ఇంకో మూడు వారాలాగితే పాలిపోయి కనిపిస్తుంది గానీ, ముహూర్తం ఇవాళే మరి.

తర్వాత పాడేరు నుంచి సికిల్ సెల్ కుర్రాడు. "ఏదీ, ఓసారి నడువు నాయనా." నడిచాడు. "నొప్పేదీ?" ఇవాళ లేదన్నాడు. "అయితే నొప్పున్న రోజే రావాల్సింది!" ఆ నొప్పితో ఘాట్ రోడ్డు ఎలా దిగాలో జాతకం చూసి చెబుతారేమో.

ఆటిజం బాబు కళ్లలోకి చూడలేదు: సిగ్గు. వినపడని అమ్మాయి వెనకనుంచి పిలిస్తే పలకలేదు: పొగరు. స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్న ఇల్లాలు కాఫీ ఇస్తూ నవ్వింది. నవ్విందా! ఇంకేం జబ్బు? "ఇంటికెళ్లి కబురు చేస్తాం" అని లేచారు పెద్దలు. ఆ కబురే నోటీసు.

పెళ్లిళ్ల పేరయ్య తోడుంటే మాత్రం సంగతి వేరు. ఆయన చేతిలో పెట్టాల్సింది పెడితే, పరుగుపందెంలో గెలిచినవాడికి కూడా కాలు లేదని కుదిర్చేస్తాడు.

ఇక వేళాకోళం చాలు. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను. ఆ పేరయ్యని పట్టుకోండి, సంతకం పెట్టిన డాక్టర్ని పట్టుకోండి, జైల్లో వేయండి. వాళ్ల పాపానికి, ఆర్టీసీ బస్సులో దివ్యాంగుల సీట్లో కూర్చున్న మల్టిపుల్ స్క్లెరోసిస్ మనిషిని "నీకేమైందమ్మా, లే" అని లేపే హక్కు మీకెవరిచ్చారు? ఏం చూపించాలి మీకు? కడుపులో మందులా, ఫైల్లో ఎమ్మారైలా? ఈసారి రక్తం దొరుకుతుందో లేదోనని బ్లడ్‌బ్యాంకు చుట్టూ తిరిగే తల్లి, ఊళ్లో అందరికీ రుజువులు కూడా మోసుకు తిరగాలా? నిలబడలేనని ఒక మనిషి నోరు తెరిచి చెబితే, సీటివ్వడానికి మెడికల్ బోర్డు కూర్చోనక్కర్లేదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో చాలావాటికి కర్ర ఉండదు, చక్రాల కుర్చీ ఉండదు. ఉప్మా తిన్న పెద్దలు అదే చట్టంలో 92వ సెక్షన్ కూడా చదువుకోవాలి. కించపరచాలనే ఉద్దేశంతో దివ్యాంగుల్ని నలుగురిలో అవమానిస్తే శిక్ష ఆరు నెలలకు తగ్గదు, అయిదేళ్ల దాకా పడొచ్చు. జరిమానా అదనం.